నిండు బండి వెనక్కి పోదు

మా మావగారు నా మాటను ఇంతవరకూ ఒక్కసారి కూడా కాదనలేదు. నా కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలు.

పెళ్ళయిన కొత్తలో తాడేపల్లిగూడెంలో అత్తారింటికి భోజనానికి వెళ్ళాను. పెట్టినవాటిలో ఏదో ఒకటి మెచ్చుకోవాలి కదా అని, కాకరకాయ వేపుడు బాగుందండీ అన్నాను. నాకు కాకరకాయ పడదు. ఎదురుగా ఉంది గనక నోటికి వచ్చింది. అంతే, ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఆ ఇంట్లో కాకరకాయ లేని కంచం ముందు నేను కూర్చోలేదు. ఇంకోసారి పెరటి గుమ్మం నుదుటికి తగిలింది. తడుముకుంటూ, ఈ గుమ్మం కాస్త పొట్టిదండీ అన్నాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆ గుమ్మం లేదు. గోడ పగలగొట్టించి, ఎత్తు పెంచి, కొత్త ద్వారబంధం పెట్టించారు. నేను మాత్రం తల వంచుకునే వెళ్ళాను. సిగ్గు వల్ల.

మా వైపు అల్లుడి మాటకు మామగారు ఎదురు చెప్పరు. 'అలాగేనండి' అంటారు. దాన్ని గౌరవం అనుకునే అల్లుళ్ళున్నారు, వాళ్ళు అదృష్టవంతులు. నాకైతే నోట్లో ఇటుక పెట్టుకుని తిరుగుతున్నట్టుంటుంది. మాట జారితే ఎక్కడో ఒక గోడ పడుతుంది.

అందుకే మా ఆవిడా, గూడెంలో ఉన్న మా బావమరిదీ కూడబలుక్కుని, ఆ పనికి నన్ను ఎంచుకున్నారు.

పని ఏమిటంటే, మావగారి చేత కారు మాన్పించడం. ఆయనకు డెబ్బై దాటి చాలాకాలమైంది. గూడెంలో ఎరువుల కొట్టు నడిపినన్నాళ్ళూ ఉంగుటూరు, నిడమర్రు, గణపవరం, ఏ ఊళ్ళో రైతు పిలిచినా కారేసుకుని వెళ్ళి, చేలో దిగి, ఆకు చూసి వచ్చేవారు. ఇప్పుడు కొట్టు కొడుకుది. ఆయనకు మిగిలింది కారు. ఆ తెల్ల కారు మీద ఈమధ్య మూడు రంగుల గీతలు పడ్డాయి. ఒకటి సొంత గేటు స్తంభానిది, ఒకటి టీకొట్టు బెంచీది. మూడోది దేనిదో ఆయనకే తెలీదు. బావమరిదిని భయపెట్టింది ఆ మూడోది.

"మేం చెబితే కేకలేస్తారు బావగారూ. మీరు చెబితే అలాగేనండి అంటారు," అన్నాడు ఫోన్లో.

"మీరు ఒక్క మాటంటే చాలు. తాళాలు తీసి మీ చేతిలో పెట్టేస్తారు," అంది మా ఆవిడ.

"నా భయం కూడా అదే," అన్నాను.

"పోనీ, ఎప్పట్నుంచో ఆ ఊరు చూపిస్తానంటున్నారు కదా! చూస్తానని అడగండి. దారిలో నెమ్మదిగా చెప్పండి."

ఆ ఊరు కలిదిండి దాటాక, ఉప్పుటేటి ఒడ్డున ఉంటుంది. కొల్లేట్లో మిగిలిన నీళ్ళు సముద్రానికి వెళ్ళే దారి ఉప్పుటేరు. ఆ ఊరి గురించి మావగారు నాకు ఎన్నిసార్లు చెప్పారో! ఎండాకాలంలో పౌర్ణమినాటి సముద్రపు పోటుకు అక్కడ ఏరు వెనక్కి నడుస్తుందట. వంతెన మీద నించుంటే కిందినుంచి పైకి పోవడం కళ్ళారా కనబడుతుందట. ఏలూరులో ఉద్యోగం చేస్తూ, ఇంత దగ్గర్లో ఉండి, నేను ఎప్పుడూ వెళ్ళలేదు. నీళ్ళు చూడాలనుకుంటే మా వీధి చివర తమ్మిలేరు ఉంది. వానాకాలం అదే మమ్మల్ని చూడ్డానికి వస్తుంది.

ఫోన్ చేసి, మావయ్యగారూ, ఆ ఊరు చూడాలనుందండీ అన్నాను.

"నిజంగానేనాండి?" అన్నారు.

ఆ గొంతులో సంతోషం వినగానే, నేను చెయ్యబోయే పని ఎలాంటిదో నాకు అర్థమైంది. అర్థమయ్యాక మానుకునే రకం కాదు నేను. మానుకోవాలన్నా మా ఆవిడ పక్కనే నించుంది.

పౌర్ణమి మర్నాడు, మేం కాఫీలు తాగకముందే కారు మా ఇంటి ముందు ఆగింది. గూడెం నుంచి భీమడోలు మీదుగా ఒక్కరే తోలుకొచ్చారు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో ఫ్లాస్కు. మా ఆవిడ వాళ్ళ నాన్నకు తెలీకుండా నాకు కనుబొమ్మలతో సైగ చేసింది. ఆయనకు తెలీకుండా నేనూ తలూపాను. కారెక్కాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు కారు తోలడం రాదు. ఓసారి నేర్చుకోబోయాను గానీ, నేర్పేవాడే మానేశాడు. కాబట్టి ఒక మనిషికి కారు తోలడం రాకుండా పోతోందని, మొదట్నుంచీ రానివాడు చెప్పాలి. రాకపోవడంలో అనుభవం ఉందని కాబోలు నన్ను పంపారు.

కైకలూరు రోడ్డు కొల్లేటి మధ్యనుంచి వెళుతుంది. రెండు పక్కలా నీళ్ళు, బురద, తుంగ, మళ్ళీ నీళ్ళు. గూడబాతులు సంచుల్లాంటి ముక్కులు వేలాడేసుకుని, సంతకొచ్చినవాళ్ళలా కూర్చున్నాయి. మావగారు మెడ తిప్పరు. పక్కకు చూడాలంటే భుజాలతో సహా మొత్తం తిరుగుతారు. అప్పుడు కారు కూడా కొంచెం తిరుగుతుంది.

"మావయ్యగారూ, ఒక మాటండి..." అన్నాను.

"చెప్పండి అల్లుడుగారూ." మొత్తం నా వైపు తిరిగారు. కారు తుంగ వైపు తిరిగింది.

"ఏం లేదండి. పిట్టలు బాగున్నాయండి," అన్నాను.

చెప్పే అవకాశం కోసం చూస్తూనే కలిదిండి వైపు మళ్ళాం. అక్కడే, ఎడమవైపు సందులోంచి గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ ఒకటి రోడ్డెక్కింది. కారు వేగం తగ్గలేదు. నేను అరిచాను. ఏమని అరిచానో తెలీదు, భాష కాదది. బ్రేకు పడింది. మోపెడ్ మనిషి మమ్మల్నీ, మా వెనక నాలుగు తరాలనీ తల్చుకుని వెళ్ళిపోయాడు.

"వాళ్ళే చూసుకుంటారండి," అన్నారు మావగారు. కానీ స్టీరింగు మీద వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

ఇంక చెప్పక తప్పదు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన, "అడ్డదారిన పోదామండి, పోటు తప్పిపోతుంది," అంటూ మట్టిరోడ్డులోకి తిప్పారు.

ఆయనకు తెలిసిన రోజుల్లో అది పొలం దారి. ఇప్పుడు పొలాల్లేవు. కనుచూపుమేర చేపల చెరువులు. మా దారి, రెండు చెరువుల మధ్య గట్టు. కారు పట్టగా రెండు వైపులా మిగిలిన జాగాలో ఒక మనిషి నడవచ్చు, లావుపాటి మనిషైతే ఆలోచించుకోవాలి. తాళ్ళకు కట్టిన మేత సంచులు నీళ్ళలో వేలాడుతున్నాయి. ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి. గట్టు ముందుకు పోతూనే ఉంది. తిప్పుకోవడానికి చోటు లేదు.

సగం దూరం పోయాక, ఎదురుగా చేపల వ్యాను వచ్చి ఆగింది.

వ్యాను డ్రైవరు దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. "ఏమీ అనుకోకండి బాబుగారూ. నిండు బండండి. ఐసు కరిగిపోతోంది. మీరే కాస్త వెనక్కి తీసుకోవాలండి."

"మరేనండి. నిండు బండి వెనక్కి పోదు. న్యాయమే," అన్నారు మావగారు.

చెరువుగట్ల మీద అదే ఆచారం. ఎదురుపడితే సరుకున్న బండి ముందుకే, ఖాళీ బండి వెనక్కి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. మాది ఖాళీ బండి. ఇద్దరు మనుషులు, ఒక ఫ్లాస్కు, ఒక తువ్వాలు. ఇంటి దగ్గర్నుంచి నేను మోసుకొస్తున్న మాట బరువు ఆ డ్రైవరుకు కనబడదు కదా!

మావగారి మెడ తిరగదు. అందుకని నేను దిగి దారి చూపించాలి. దిగాను. కారు వెనక్కి వెళ్ళి, ఎప్పుడూ చెయ్యని పని కాబట్టి, మహా జాగ్రత్తగా చెయ్యాలనుకున్నాను. కారుకు వీపు పెట్టి, మేము పోవలసిన వైపే చూస్తూ, గట్టు అంచు కనిపెట్టుకుంటూ నడిచాను. తల వెనక్కి తిప్పకుండా, రానివ్వండి, రానివ్వండి అన్నాను. కారు బుద్ధిగా వస్తోంది. నాకు ధైర్యం వచ్చింది. నాకు ధైర్యం వచ్చిన ఏ సందర్భమూ బాగా ముగియలేదు.

ఒకచోట గట్టు కుడిపక్క కోసుకుపోయి ఉంది. నా కుడిపక్క. ఎడమకి జరిగితే మంచిదనిపించింది. "ఎడమకండి!" అన్నాను.

కారు ఆగింది. "ఎడమకేనాండి?" అన్నారు లోపల్నుంచి.

ఆ ప్రశ్నలోనే నాకు సందేహం రావలసింది. ఆయనా నేనూ చెరో దిక్కు చూస్తున్నాం. నా ఎడమ ఆయన కుడి. కానీ ధైర్యం వచ్చి ఉంది కదా! "ఎడమకే. రానివ్వండి!" అన్నాను, ట్రాఫిక్ పోలీసులాగా.

"అలాగేనండి."

వెనక ఎడమ చక్రం గట్టు దిగింది. కోసుకుపోయిన చోటే. కారు పొట్ట మట్టిమీద కూర్చుంది, తోక చెరువు వైపు వాలింది, ముందు కుడి చక్రం నేల మీద ఆనీ ఆననట్టు నిలిచింది. చెరువులోంచి ఒక చేప ఎగిరి, చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

వ్యాను డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. కారు చుట్టూ తిరగడానికి చోటు లేక, ఇటూ అటూ వంగి చూశాడు. "పెద్దాయనా, బ్రేకు మీద కాలు తియ్యకండే!" అన్నాడు. హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పని మానేసింది, ఆ విషయంలో మా ఇంట్లో ఎవరూ దానికి మధ్యవర్తిని పంపలేదు. తర్వాత నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "మీరు కాస్త భారీగానే ఉన్నారు కదండి. ముందు ఈ మూల బోనెట్ ఎక్కి కూర్చోండి. పైకి లేవకుండా ఉంటుంది. చేపల పట్టుబడి వాళ్ళని పిలుచుకొస్తాను. వల లాగుతున్నారు, వల కట్టాక గానీ రారండి."

నా బరువు ఒకరికి పనికొచ్చిన రోజు అది. బోనెట్ ఎక్కాను.

ఎండ. బోనెట్ పెనంలా ఉంది. కిటికీలోంచి తువ్వాలు పట్టుకున్న చెయ్యి బయటికొచ్చింది. "కాలుతుందేమోనండి. ఇది వేసుకోండి." వేసుకున్నాను. కాసేపటికి ఫ్లాస్కు మూతలో కాఫీ వచ్చింది. ఆయన దిగలేరు, కాలు బ్రేకు మీద ఉంది. నేను దిగలేను, దిగితే మావగారు చెరువులోకి వెళతారు. మధ్యలో అద్దం. రెండు వైపులా నీళ్ళు. ముందు నిండు బండి. ఇంతకంటే తీరికగా మాట్లాడుకునే చోటు ఇద్దరు మనుషులకు దొరకదు. నేను గూడబాతుల గురించి కూడా మాట్లాడలేకపోయాను.

జేబులో ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఎక్కడున్నారు?"

"కారు మీద."

"కారులోనా?"

"ఆ, దాదాపు."

"చెప్పారా?"

"ఇంకా లేదు."

"ఇంకెప్పుడండీ! మధ్యాహ్నమైపోతోంది. కారు ఆపేయమని ఆ ఒక్క ముక్కా చెప్పడానికి ఇంత నాన్చుడా?"

పెట్టేశాను. ఏరియేటర్ల చప్పుడు. అద్దం వెనక మావగారు ఎదురుగా చూస్తున్నారు, అంటే నన్నే చూస్తున్నారు, ఇంకెటూ చూసే వీలు లేదు.

"అమ్మాయి గొంతు పెద్దదండి. చిన్నప్పట్నుంచీ అంతే," అన్నారు.

నేను ఫ్లాస్కు మూత ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"మీరు ఫోన్ చేసినప్పుడే నాకు తెలుసండి," అన్నారు నెమ్మదిగా. "మీరెప్పుడూ ఏ ఊరూ చూస్తానని అడగలేదు కదా. అయినా, వంక ఏదైతేనేం, వస్తారు కదాని బయల్దేరాను."

మనసులో ఉన్నది అడిగేశాను. "మావయ్యగారూ, ఇందాక నేను ఎడమ అన్నప్పుడు అద్దంలో గట్టు కనబడలేదాండి?"

"దగ్గరిదే కదండి. కనబడింది."

"కోసుకుపోయినట్టు?"

"బాగానే కనబడిందండి."

"మరి?"

ఆయన ఆశ్చర్యపోయారు. అడగవలసిన ప్రశ్నే కాదన్నట్టు. "మీరు చెప్పారు కదండి."

నోట్లో ఇటుక ఉన్నట్టుంటుందని చెప్పాను చూడండి, ఆ క్షణంలో దాని బరువు తెలిసింది. నేను కారు మానెయ్యండి అంటే ఈయన మానేస్తారు. కళ్ళ గురించి, మెడ గురించి, ఆ మోపెడ్ గురించి ఒక్క మాటా అనకుండా, అలాగేనండి అని గట్టు దిగిపోతారు. ఆ తర్వాత గూడెం ఇంట్లో వరండాలో కూర్చుని ఎవరినీ ఏమీ అనరు. నేను వెళ్ళినప్పుడల్లా కాకరకాయ వేపుడు మాత్రం ఉంటుంది.

ఆపేయమని అనలేను. అనకుండా ఇంటికి వెళ్ళలేను. అనకపోతే, ఇంకో మోపెడ్. అలా కూర్చున్నాను.

వల కట్టి పట్టుబడి వాళ్ళు వచ్చారు. మోకాళ్ళ దాకా బురద, ఒంటినిండా పొలుసులు. వాళ్ళతో ట్రేలు మోసే ఒకావిడ కూడా వచ్చింది. నన్ను చూడగానే నడుం మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఎవరండీ ఈయన, బోనెట్టెక్కి ఊరేగుతున్నారు?"

"మా అల్లుడుగారండి," అన్నారు మావగారు లోపల్నుంచి, ఎంతో గర్వంగా.

"అలాగా! అత్తారి బండి కాబట్టి చెరువులో కడుగుదామనుకున్నారు కాబోలు!"

"దారి చూపించింది ఈయనేనంట," అన్నాడు వ్యాను డ్రైవరు.

"మరి చెప్పరేమండి! అయితే పెద్దాయన తప్పేం లేదు," అంది ఆవిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బోనెట్ మీద కూర్చున్నవాడికి వేరే మార్గం ఉండదు.

తోక వైపు నీళ్ళలో దిగి, భుజాలు పెట్టి, ఒక్క కేకతో ఎత్తి గట్టున పెట్టేశారు. అంతసేపూ మేము జీవన్మరణ సమస్య అనుకున్నది వాళ్ళకు ఒక బుట్ట చేపల బరువు. తర్వాత ఆవిడే కారు వెనక నించుంది, కారుకు మొహం పెట్టి. కుడి, ఎడమ అనలేదు. "ఏరియేటర్ల వైపు... చాల్చాలు... మేత సంచుల వైపు," అంది. మావగారు గట్టు చివరిదాకా చక్కగా వెనక్కి తెచ్చారు. వ్యాను మమ్మల్ని దాటేటప్పుడు డ్రైవరు కిటికీలోంచి ఒక శీలావతి చేపను సంచిలో పెట్టి నా ఒళ్ళో పడేశాడు. "అల్లుడుగారికి మర్యాదండి!"

మంచి రోడ్డు మీద ఊరు చేరాం. వంతెన దగ్గర కారాపి, మావగారు గబగబా నడిచారు. పోటు దాటిపోయిందేమోనని ఆయన కంగారు. వంతెన మధ్య రెయిలింగు పట్టుకుని నించున్నాం. ఉప్పుటేరు గోధుమరంగులో, వెడల్పుగా, కదలకుండా ఉంది. ఎటూ పోవడం లేదు. మధ్యలో గుర్రపుడెక్క మోపు ఒకటి, ఎటు పోవాలో ఎవరూ చెప్పనట్టు నిలబడి ఉంది. దాని సంగతి నాకు తెలుసు అనిపించింది.

"అదేనండి సమయం. ఇప్పుడు తిరుగుతుంది," అన్నారు మావగారు. చాలాసేపు చూశాం. తర్వాత ఆయన, ఏటివైపే చూస్తూ, "కదిలిందాండి?" అన్నారు.

గుర్రపుడెక్క మా కళ్ళ ముందే ఉంది. పచ్చగా, మంచమంత.

"ఇంకా లేదండి," అన్నాను.

"మధ్యలో గుర్రపుడెక్క ఏమైనా ఉంటే, దాన్ని చూడండి. అది చెబుతుంది."

"ఉందండి."

"ఉందాండి," అన్నారు. నన్ను ఇంతదూరం తీసుకొచ్చి చూపిస్తున్నది, ఆయనకు కనబడటం లేదు. అది నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది.

గుర్రపుడెక్క కొంచెం వణికి, మెల్లగా పక్కకు తిరిగి, కొల్లేటి వైపు నడక మొదలెట్టింది.

"కదిలిందండి. పైకి పోతోంది," అన్నాను.

"నే చెప్పలేదూ!" అన్నారు. నవ్వారు.

ఆ నవ్వు అయ్యాక అడిగాను. "ఇందాక ఆ మోపెడ్ మీకు కనబడిందాండి?"

"మీరు అరిచాక కనబడిందండి," అన్నారు. "మా వాడు ఆపేయమంటాడు. అమ్మాయి ఆపేయమంటుంది. కనబడుతోందా అని ఎవరూ అడగలేదండి. అడిగితే అబద్ధం చెప్పేవాణ్ణి కాదు." రెయిలింగు వదిలి, "సరే, మీరు చెప్పవలసింది చెప్పండి," అన్నారు. ఒళ్ళు కూడగట్టుకుని నించున్నారు, సూది మందుకు చెయ్యి చాచినవాడిలా.

"నేను చెప్పనండి. ఇందాక చెప్పాను కదా, చక్రం దిగింది. మీరే చెప్పండి. ఈసారి నేను అలాగేనండి అంటాను."

ఆయన భుజాలతో సహా మొత్తం నా వైపు తిరిగారు. వంతెన మీద కాబట్టి ప్రమాదం లేదు.

"ఏం చెప్పినానాండి?"

"ఏం చెప్పినా."

ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషితో అలాంటి మాట అనకూడదు. ఆయన ఏటిని చూశారు, నన్ను చూశారు. "నేను ఈ క్షణం నుంచి తోలనండి. కానీ బండి ఆగకూడదు. మీరు నేర్చుకోండి. ఆదివారం ఆదివారం మీరు తోలితే, నేను పక్కన కూర్చుంటాను."

నేను వంతెన పక్కన ఆపిన కారు వైపు చూశాను. కానీ మాట ఇచ్చేశాను.

"అలాగేనండి," అన్నాను.

తాళాలు నా చేతిలో పెడతారని మా ఆవిడ అంది కదా! పెట్టలేదు. తీసి తన జేబులోనే వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టుకున్నారు.

ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి ఇంకో విషయం తట్టింది. ఈ క్షణం నుంచి ఆయన తోలరు. ఈ క్షణానికి నాకు రాదు. కారు వంతెన పక్కన ఉంది. బావమరిదికి ఫోన్ చేశాం. కొట్టు కట్టేసి, బస్సులు మారి వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నాడు.

అలా ఆ ఊరి ఆకర్షణలన్నీ, తప్పించుకునే దారి లేక, చూశాను. పడవలు పోవడం మానేసిన పాత లాకులు చూశాం. లాకుల గోడ మీద కూర్చున్న కొంగనూ చూశాం, అది మమ్మల్ని పట్టించుకోలేదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు జారుతూ రావడం చూశాం. అది చాలా బాగుంది, రెండోసారి కూడా. నీలం వలలు గుట్టలుగా పోసిన కొట్లో, కొనమని తెలిసి కూడా కొట్టాయన మాకు కంతల సైజులన్నీ చూపించాడు. బొమ్మిడాయిల పులుసుతో భోజనం చేశాం. ఏరు కనబడే చోట కూర్చుందామని మావగారు అడిగితే, హోటలావిడ, "ఏరు ఎక్కడికి పోతుందండీ, ముందు తినండి," అంది. పొద్దు వాలేదాకా లాకుల గోడ నీడలో కూర్చుంటే, ఏరు మళ్ళీ ఆగి, మళ్ళీ తిరిగి, సముద్రం వైపు పోవడం కూడా చూశాం. నేను చెప్పాను, ఆయన విన్నారు. కారులోంచి శీలావతి తన ఉనికిని చాటుకుంటోంది.

బావమరిది వచ్చి, మా ఇద్దరినీ, కారునూ, మట్టినీ చూశాడు. మావగారు జేబులోంచి తాళాలు తీసి, "వాడుకుని మళ్ళీ ఇచ్చెయ్యి," అని ఇచ్చారు. తన కారులో వెనక సీట్లో మొదటిసారి కూర్చున్నారు. కైకలూరు దాటేదాకా, ముందు సీటు వెనక కాలుపెట్టి లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.

ఇంట్లో మా ఆవిడతో, రివరు చూడ్డానికి వెళ్ళి రివర్సు చూసొచ్చాం అన్నాను. నవ్వలేదు. చేప వాసన చూసి, ముందు దాన్ని బయట పడెయ్యమంది. తర్వాత సంగతంతా విని మాత్రం చాలాసేపు నవ్వింది. నేను నేర్చుకోవలసిన భాగం దగ్గర.

ఇప్పుడు ఆదివారాలు నావి కావు. పొద్దున్నే బావమరిది కారునూ మావగారినీ కలిపి మా ఇంటి దగ్గర దించి, బస్సెక్కి పోతాడు. ఊరిబయట ఖాళీ మైదానంలో, ఈ వయసులో, క్లచ్చి అనే వస్తువుతో నేను పడుతున్న పాట్లు వేరే చెప్పను. మావగారు పక్క సీట్లో, ఒళ్ళో ఫ్లాస్కుతో, ఎరువు వేసిన చేను చూసినట్టు నన్ను చూస్తుంటారు. ఒక్కసారీ విసుక్కోలేదు. అదొక శిక్ష.

మొన్న ఆదివారం రివర్సు నేర్పారు. మెల్లగా వెనక్కి తెస్తున్నాను.

"ఎడమకండి," అన్నారు.

అలవాటు ప్రకారం 'అలాగేనండి' నోటిదాకా వచ్చింది. ఎడమ అద్దంలో చూస్తే, ఎవరో పెట్టి వెళ్ళిన స్కూటరు. ఆపాను.

"ఎడమకేనాండి?"

"ఎడమకే."

"స్కూటరుందండి, మావయ్యగారూ."

ఆయన మొత్తం తిరిగి చూశారు. కళ్ళు చికిలించారు. "ఉందాండి? అయితే వద్దులెండి," అని, ఫ్లాస్కు మూత తీసి, తీరికగా కాఫీ పోసుకున్నారు. మనిషి ఏదో నెగ్గినట్టున్నారు.

"కుడికి రానివ్వండి," అన్నారు.

"అలాగేనండి," అన్నాను. అని, ముందు కుడి అద్దం చూశాను.